చూసింది, విన్నది, అనుకున్నది – అల్‌బీరూనీ జీవితం

ప్రతి సంవత్సరం ఈ సంచికలో ఒక మహనీయుని జీవితం చెప్పుకోవడం మన సంఘానికి అలవాటు. ఈసారి మేము అబూ రైహాన్ ముహమ్మద్ అల్‌బీరూనీ గారిని ఎంచుకున్నాము. ఆయన వెయ్యేళ్ళ నాటి మనిషి. ఖగోళం, గణితం, భూగోళం, చరిత్ర, రత్నాలు, మందులు – ఇన్నిటి మీద పుస్తకాలు రాసిన పండితుడు. అయితే ఆయన పాండిత్యాన్ని పొగడడం ఒక్కటే మా ఉద్దేశం కాదు. మన ఇళ్ళల్లో పెరుగుతున్న పిల్లలకు ఒక అలవాటు నేర్పాలని మా కోరిక. ఏ మాట చెవిన పడినా, అది ఎవరైనా కళ్ళతో చూసిన సంగతా, ఒకరు చెప్పగా విన్నదా, లేక ఒకరి అభిప్రాయమా అని విడదీసి చూసే అలవాటు. ఆ అలవాటును జన్మంతా నిలుపుకున్నవారిలో బీరూనీ గారిది ముందువరుస అని మేము అనుకుంటున్నాము. ఇది మా అభిప్రాయమే. దానికి ఆధారాలు కింద పెడుతున్నాము. చదివి మీరే తేల్చుకోండి.

ఈ విషయం ఇప్పుడెందుకంటారా? సెల్‌ఫోను లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. ఎక్కడో ఏదో గొడవ జరిగిందని, ఫలానావాళ్ళు ఫలానా పని చేశారని ఒక ముక్క వస్తుంది. అది నిజమో కాదో తెలిసేలోపు వంద ఇళ్ళకు పోతుంది. మన గురించి లేనిపోని మాటలు పుట్టినప్పుడు మనం బాధపడతాం. ఆ బాధ న్యాయమైందే. కానీ ఇతరుల గురించి వచ్చిన ముక్కను మన ఇంట్లోవాళ్ళు విచారించకుండా ముందుకు తోస్తే, అవతలి ఇంట్లోనూ అదే బాధ పుడుతుంది కదా. పుకారుకు కులమూ మతమూ లేవు. దాని వల్ల దుకాణాలు మూతపడతాయి, పిల్లలు చిన్ననాటి స్నేహితులను పోగొట్టుకుంటారు, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. పిల్లలకు ఈ జల్లెడ చేతికివ్వడం చదువులో ఒక అదనపు ముచ్చట కాదు, అత్యవసరం.

బాల్యం, కష్టకాలం

బీరూనీ గారు 973 సెప్టెంబరు 4న ఖ్వారిజ్మ్ దేశంలో, కాత్ పట్టణం దగ్గర పుట్టారు. ఆ చోటు ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో, అమూ దర్యా నది దాపున ఉంది. ఇప్పుడు అక్కడ ఆయన పేరు మీదే ఒక ఊరు ఉంది. బీరూన్ అంటే పారశీ భాషలో బయట అని అర్థం. ఊరి బయటి పేటకు చెందినవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ దేశాన్ని ఏలిన వంశంలోని అబూ నస్ర్ మన్సూర్ అనే గణిత పండితుడు ఆయనకు గురువు. గురువుగారి నీడలో పెరిగిన ఆ కుర్రవాడు పదిహేడేళ్ళ వయసులోనే అంశాలు గీసిన ఒక వలయం పట్టుకుని, మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు కొలిచి, తమ ఊరి అక్షాంశం లెక్కకట్టాడు. పెద్దలు చెప్పిన లెక్క ఉన్నా, తాను స్వయంగా కొలిచి చూడాలన్న తపన అప్పుడే మొదలైంది.

995లో ఖ్వారిజ్మ్‌లో అంతర్యుద్ధం వచ్చి గురువుగారి వంశం పదవి పోగొట్టుకుంది. బీరూనీ గారు ఊరు వదిలి పారిపోవలసి వచ్చింది. ఇప్పటి టెహ్రాన్ దగ్గరున్న రయ్ నగరంలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా కాలం గడిపారు. అక్కడ ఒక జ్యోతిష్కుడితో ఒక శాస్త్ర విషయంలో వాదం వచ్చింది. తనకంటే పేదవాడు కదా అని ఆ పెద్దమనిషి ఈయన మాటను ఎగతాళి చేశాడు. తరువాత బీరూనీ గారి పరిస్థితి కాస్త బాగుపడగానే అదే మనిషి స్నేహంగా మసలసాగాడు. ఈ సంగతి బీరూనీ గారే తన పుస్తకంలో రాసుకున్నారు. లెక్క మారలేదు, మాట మారలేదు, మారినదల్లా జేబు. మాట చెప్పినవాడి హోదాను చూసి మాట బరువు కట్టేవాళ్ళు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు.

తిరిగి కాత్ చేరాక 997 మే 24న ఆయన ఒక చంద్రగ్రహణాన్ని గమనించారు. ముందుగా అనుకున్న ప్రకారం బాగ్దాదులో అబుల్ వఫా అనే పండితుడు అదే గ్రహణాన్ని చూశాడు. ఇక్కడ ఏ వేళకు పట్టింది, అక్కడ ఏ వేళకు పట్టింది అని పోల్చి, రెండు ఊళ్ళ రేఖాంశాల తేడా తేల్చారు. రెండు ఊళ్ళ మధ్య కాలంలో తేడా సుమారు ఒక గంట. ఒకరు చూసినదాన్ని మరొకరు సరిచూడడం అంటే ఇదే.

ఆ తరువాత కాస్పియన్ సముద్రం దగ్గరి గుర్గాన్‌లో ఉంటూ, 1000 ప్రాంతంలో ప్రాచీన జాతుల కాలగణనపై అల్ ఆసారుల్ బాఖియా అనే పెద్ద పుస్తకం రాశారు. పారశీకులు, సొగ్దులు, యూదులు, క్రైస్తవులు, అరబ్బులు – ఎవరి క్యాలెండరు వారిది, ఎవరి పండుగలు వారివి, అన్నీ సేకరించి పక్కపక్కన పెట్టారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై కూడా లేదు. ఇంకా చిన్నవాడైన ఇబ్ను సీనాతో ఉత్తరాల మీద వాదించింది కూడా ఆ యవ్వనంలోనే. అరిస్టాటిల్ అంతటివాడు చెప్పాడు కదా అని ఊరుకోకుండా పద్దెనిమిది ప్రశ్నలు పంపారు. ఆ ఉత్తరాలు నేటికీ దొరుకుతున్నాయి.

సుల్తాను కొలువులో ఒక ప్రయాణికుడు

1017లో గజనీ సుల్తాను మహ్మూద్ ఖ్వారిజ్మ్‌ను జయించి, అక్కడి పండితులను తన రాజధానికి తీసుకుపోయాడు. వారిలో బీరూనీ గారు ఒకరు. మిగిలిన జీవితం చాలావరకు గజనీలోనే గడిచింది.

ఆ కొలువులో జరిగిన ఒక సంగతిని పదమూడవ శతాబ్దపు రచయిత యాకూత్ తన పండితుల చరిత్రలో రాశాడు. దూరపు తురుష్క దేశం నుంచి ఒక రాయబారి వచ్చాడు. సముద్రాల అవతల, ధ్రువం వైపు, సూర్యుడు అస్తమించకుండా ఆకాశంలోనే చుట్టూ తిరుగుతాడని, అక్కడ కొంతకాలం రాత్రే ఉండదని సుల్తాను ఎదుట చెప్పాడు. సుల్తానుకు కోపం వచ్చింది. ఇది మతం తప్పినవాళ్ళ మాట అని ఆ మనిషి మీద నింద వేశాడు. ఆ సభలో అబూ నస్ర్ మిష్కాన్ అనే అధికారి ఉన్నాడు. ఆయన లేచి, ఈ మనిషి తన అభిప్రాయం చెప్పడం లేదు, చూసినదాన్ని చెబుతున్నాడు అని విన్నవించాడు. కహఫ్ సూరాలో జుల్‌ఖర్‌నైన్ ప్రయాణంలో, ఎండకు ఏ చాటూ లేని జనం ప్రస్తావన ఉందని కూడా గుర్తు చేశాడు. అప్పుడు సుల్తాను బీరూనీ గారిని అడిగాడు. భూమి గుండ్రంగా ఉండడం వల్ల, ధ్రువాలకు దగ్గరయ్యేకొద్దీ వేసవిలో పగలు ఎలా పెరిగిపోతుందో ఆయన క్లుప్తంగా వివరించారు. సుల్తాను ఒప్పుకున్నాడు.

పిల్లలకు చెప్పదగిన కథ ఇది. ఒకే మాటకు ముగ్గురు మూడు విధాలుగా స్పందించారు. సుల్తాను ఆ మాట తనకు నచ్చిందా లేదా అని చూశాడు. అధికారి అది ఏ రకం మాట అని చూశాడు. బీరూనీ గారు దాన్ని సరిచూసే దారి ఏమిటని చూశారు. మన పిల్లలకు మొదటిది ఎవరూ నేర్పనక్కర్లేదు, దానంతటదే వస్తుంది. మిగతా రెండూ నేర్పితేనే వస్తాయి.

పచ్చ రాయి, పాము కళ్ళు

రత్నాల గురించి బీరూనీ గారు రాసిన పుస్తకం పేరు కితాబుల్ జమాహిర్. పచ్చ రాయిని చూస్తే పాము కళ్ళు పోతాయని ఆ రోజుల్లో అందరూ నమ్మేవారు. పెద్ద పెద్ద గ్రంథాల్లో కూడా రాసి ఉంది. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు. బీరూనీ గారు ఏం చేశారు? పాముకు పచ్చల హారం వేశారు. దాని బుట్టలో పచ్చలు పరిచారు. పచ్చల దండ దాని కళ్ళ ముందు ఆడించారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, తొమ్మిది నెలలు. ఎండాకాలమూ చూశారు, చలికాలమూ చూశారు. పాము కళ్ళకు ఏమీ కాలేదు. పైగా చూపు ఇంకా పదునెక్కిందేమో అన్నట్టు హాస్యంగా రాశారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పచ్చ రాయి పాముకు గుడ్డితనం తెస్తుందన్నది అబద్ధమే గానీ, అది అభిప్రాయం కాదు. పరీక్షించి తేల్చగలిగిన మాట. పచ్చ రాయి కెంపుకంటే అందమైనది అంటే అది అభిప్రాయం. ఏ పామును తెచ్చినా తేలదు. పిల్లలకు చాలాచోట్ల నిజమంటే వాస్తవం, అబద్ధమంటే అభిప్రాయం అన్నట్టు నేర్పుతున్నారు. అది సరికాదు. ముందు అడగవలసిన ప్రశ్న – ఈ మాటను తేల్చడానికి దారి ఉందా లేదా? ఉంటే వెళ్ళి తేల్చుకోవాలి. లేకపోతే అది ఎవరి అభిప్రాయం, దానికి వారు చెప్పే కారణం ఏమిటి అని అడగాలి. అభిప్రాయం ఉండడం తప్పు కాదు. దాన్ని వాస్తవం పేరుతో చెలామణి చేయడం తప్పు.

ఈ పుస్తకంతో మనకొక బంధం కూడా ఉంది. దీని అరబీ మూలాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1936 ప్రాంతంలో అచ్చువేసింది. ఖగోళంపై ఆయన మహాగ్రంథం ఖానూనుల్ మస్ఊదీని 1954 నుంచి 1956 వరకు మూడు సంపుటాలుగా, హిందూదేశంపై రాసిన పుస్తకాన్ని 1958లో ఇదే సంస్థ వెలువరించింది. బీరూనీ గారిపై పరిశోధన చేసేవారు ప్రపంచంలో ఎక్కడున్నా హైదరాబాదు ప్రతులను తిరగెయ్యవలసిందే.

హిందూదేశంపై పుస్తకం

బీరూనీ గారికి అన్నిటికంటే పేరు తెచ్చింది కితాబుల్ హింద్. 1030లో పూర్తయింది. ఎనభై అధ్యాయాలు. పంజాబు ప్రాంతాలకు వచ్చి, నడివయసులో సంస్కృతం నేర్చుకుని, పండితులను వెతికి పట్టుకుని, పుస్తకాలకు డబ్బు ఖర్చుపెట్టి రాసిన గ్రంథం అది. పతంజలి యోగశాస్త్రాన్ని, సాంఖ్య గ్రంథాన్ని అరబీలోకి తెచ్చారు కూడా.

ఆ పుస్తకం ఆరంభంలోనే ఆయన వార్తల సంగతి ఎత్తుకున్నారు. విన్నది చూసినదానికి సాటి రాదన్నది మొదటి సూత్రం. కానీ గడిచిపోయినవి, దూరాన ఉన్నవి అన్నీ మన కళ్ళతో చూడలేం కదా. అందుకని వార్తలు కావలసిందే. అయితే వార్త చెప్పేవాడు ఎందుకు తప్పు చెబుతాడో తెలిసి ఉండాలి. ఆయన చెప్పిన కారణాలను మా మాటల్లో ఇస్తున్నాము. ఒకడు తనవాళ్ళను గొప్పచేయడానికో, ఎదుటివాళ్ళను తక్కువచేయడానికో తప్పు చెబుతాడు. ఒకడు తనకు మేలు చేసినవాళ్ళ మీది ప్రేమతో, కీడు చేసినవాళ్ళ మీది పగతో చెబుతాడు. ఒకడు లాభానికి, మరొకడు భయానికి చెబుతాడు. ఒకడికి అబద్ధం స్వభావం. చివరివాడు పాపం ఏమీ ఎరగడు, ఎవరో చెప్పింది విని గుడ్డిగా అప్పగిస్తాడు. ఈ రోజు మన చేతిలోని ఫోనుకు వచ్చే ముక్కల్లో ఎన్ని ఈ చివరి రకమో ఆలోచించండి.

పుస్తకంలో ఆయన పద్ధతి కూడా గమనించదగ్గది. హిందువుల విశ్వాసాన్ని వారి గ్రంథాల్లో ఉన్నది ఉన్నట్టు ముందు చెబుతారు. పండితులు ఏమంటారు, సామాన్యులు ఏమంటారు అని విడదీస్తారు. తన మాట వేరుగా చెబుతారు. వింతగా తోచే ఆచారం ఒకటి చెప్పవలసి వస్తే, అలాంటివే గ్రీకుల్లోనూ, ఇస్లాంకు ముందు అరబ్బుల్లోనూ ఉన్నాయని పక్కన చూపిస్తారు. గ్రహణాల విషయంలో బ్రహ్మగుప్తుడికి అసలు కారణం – నీడల సంగతి – తెలుసునని, అయినా రాహువు కథను కూడా సమర్థించాడని చెబుతూ, లోకానికి జడిసి అలా రాసి ఉంటాడేమో అని ఊహిస్తారు. బ్రహ్మగుప్తుడి పుస్తకంలో ఉన్నది వాస్తవం. ఎందుకలా రాశాడన్నది బీరూనీ గారి ఊహ. రెండూ కలిపేయలేదు.

ఆయనకు అభిప్రాయాలు లేకపోలేదు. అక్కడి పండితులు గర్విష్ఠులని, తమ విద్యను బయటివారికి తేలిగ్గా చెప్పరని కటువుగానే రాశారు. కానీ అలా ఎందుకు అనుకున్నారో చెప్పారు. వెంటనే, వాళ్ళ పూర్వులు ఇంత సంకుచితంగా లేరని వరాహమిహిరుణ్ణి ఉదాహరణగా చూపారు. అంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. తాను ఏ సుల్తాను నీడన బతికారో, ఆ మహ్మూద్ దండయాత్రలు ఈ దేశపు సిరిసంపదలను నాశనం చేశాయని, ఇక్కడివారికి ముస్లిముల మీద ద్వేషం నాటుకోవడానికి అది కారణమని దాచకుండా రాశారు. తనవాళ్ళ తప్పు కూడా వాస్తవమే అయితే వాస్తవంగానే రాయాలన్నది ఆయన నియమం. ఈ నియమం కష్టమైనది. అందుకే విలువైనది.

ఇలాంటిదే ఇంకొకటి. నమాజు వేళలు తెలుసుకోవడానికి వాడే ఒక పరికరం మీద రోమీయుల నెలల పేర్లు చెక్కి ఉన్నాయని, దాన్ని వాడరాదని ఒక ఛాందసుడు అభ్యంతరం చెప్పాడు. రోమీయులు అన్నం కూడా తింటారు, మరి ఆ విషయంలో కూడా వాళ్ళను అనుసరించకుండా ఉంటావా అని బీరూనీ గారు ఎదురడిగారు. పరికరం వేళను సరిగ్గా చూపిస్తోందా లేదా అన్నది ప్రశ్న. పేరు ఎవరిదన్నది కాదు.

ఒక అమ్మాయి కోసం రాసిన పాఠం

1029లో బీరూనీ గారు కితాబుత్ తఫ్‌హీమ్ అనే పాఠ్యపుస్తకం రాశారు. ఖ్వారిజ్మ్‌కు చెందిన రైహానా అనే ఆమె కోసం, హసన్ గారి కూతురు కోసం, ఈ పుస్తకం రాశారు. ఆడపిల్లల చదువు గురించి సందేహించేవారు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. పుస్తకమంతా ప్రశ్నలు, జవాబులు. ముందు రేఖాగణితం, తరువాత అంకెలు, ఆపైన ఖగోళం, చివరికి జ్యోతిష్యం. ఆ వరుసలోనే పాఠం ఉంది. తేల్చగలిగినవి ముందు, నమ్మకం మీద నడిచేవి చివర.

జ్యోతిష్యం దగ్గరకు వచ్చేసరికి ఆయన ఒక జాగ్రత్త తీసుకున్నారు. ఎక్కువమంది దాన్ని నమ్ముతున్నారు, కాబట్టి వారు ఏమంటారో చెబుతాను, నా మటుకు నాకు దానిపై పెద్దగా నమ్మకం లేదు అన్న భావం తెలిపారు. శిష్యురాలికి ఇది లోకం మాట, ఇది నా మాట అని రెండు వేర్వేరు గంపల్లో పెట్టి ఇచ్చారు. మంచి ఉపాధ్యాయుడు చేసేది ఇదే. తన అభిప్రాయాన్ని పూర్తిగా దాచిపెట్టడు, పాఠంలో కలిపేసి మింగించడు.

మన గొప్పలకూ ఇదే జల్లెడ

ఇప్పుడు కాస్త ఇబ్బందైన విషయం. మన పూర్వుల గురించి రాసేటప్పుడు గొప్పలు కొంచెం పెంచి చెప్పడం సావనీర్లలో మామూలే. బీరూనీ గారు చెప్పిన మొదటి రకం తప్పు సరిగ్గా ఇదే కదా. అందుచేత ఆయన పేరు మీద తిరిగే మూడు మాటలను ఆయన జల్లెడలోనే వేసి చూద్దాం.

బీరూనీ అమెరికాను కనుగొన్నాడని కొందరు రాస్తున్నారు. ఆయన ఓడ ఎక్కలేదు, ఆ ఖండాన్ని చూడలేదు. తెలిసిన భూభాగాలకు అవతల కూడా జనం ఉండే నేల ఉండడానికి ఆస్కారం ఉందని తర్కించారు. అది చక్కని ఊహ. ఊహ వేరు, కనుగొనడం వేరు.

భూమి తిరుగుతోందని బీరూనీ తేల్చాడని ఇంకో మాట. భూమి తిరుగుతుందన్న ఆర్యభటుని వర్గం వాదాన్ని ఆయన చర్చించారు, దాని వల్ల ఖగోళపు లెక్కలకు ఏ లోటూ రాదని కూడా అన్నారు. కానీ ఖానూనుల్ మస్ఊదీలో చివరికి భూమి నిలకడగా ఉందన్న పక్షానే నిలిచారు.

భూమి కొలతను ఇప్పటి లెక్కకు అణువంతైనా తేడా లేకుండా చెప్పాడని మూడో మాట. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న నందనా కోట దగ్గరి కొండ ఎక్కి, ఎదుటి మైదానంలో నేల, ఆకాశం కలిసే గీత ఎంత కిందికి దిగి కనిపిస్తుందో ఆయన కొలిచిన మాట వాస్తవం. ఆ కోణం 34 కలలు, అంటే అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ. కొండ ఎత్తు సుమారు 652 మూరలు. ఈ రెండిటితో భూమి వ్యాసార్థం లెక్కకట్టారు. పద్ధతి అద్భుతం. కానీ ఆయన మూర ఇప్పటి కొలతలో ఎంత పొడవో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. గాలిలో వెలుగు వంగడం వల్ల కోణంలో కూడా తేడా వస్తుంది. కాబట్టి ఇన్ని మైళ్ళే తేడా అని గట్టిగా చెప్పే లెక్కల వెనక చెప్పనివి కొన్ని ఉంటాయి.

ఇలా చెబితే ఆయన గొప్ప తగ్గిపోతుందా? మాకు అలా తోచదు. ముందు తరం పండితులు ఎడారిలో నడిచి కొలిచిన లెక్కలు పుస్తకాల్లో ఒకదానితో ఒకటి పొసగడం లేదని చూసి, స్వయంగా కొండెక్కిన మనిషి ఆయన. లేని గొప్పను అంటగడితే ఉన్న గొప్ప కనిపించకుండా పోతుంది. ఎదుటివాళ్ళ అబద్ధాన్ని పట్టుకోవడం పిల్లలు తేలిగ్గానే నేర్చుకుంటారు. మనకు ఇష్టమైన అబద్ధాన్ని పట్టుకోవడం నేర్చుకున్నప్పుడే ఆ చదువు పూర్తయినట్టు.

ఇంట్లో ఏం చేయవచ్చు

ఇది కొత్త విద్య కాదు. రంజాను నెలాఖరున ప్రతి ఇంట్లోనూ అందరూ అడిగే ప్రశ్న ఒకటే – నెలవంకను ఎవరు చూశారు? చంద్రుడు కనిపించి ఉంటాడని అనుకుంటే సరిపోదు. పక్క వీధిలో అనుకుంటున్నారంటే సరిపోదు. చూసినవాడు కావాలి, వాడు నమ్మదగినవాడు కావాలి. మన హదీసు పండితులు ఒక్కో మాటకు ఎవరి నుంచి ఎవరు విన్నారో వరుస అడిగారు. హుజురాత్ సూరాలో, దుర్మార్గుడెవరైనా వార్త తెస్తే విచారించుకోమని, తెలియక ఒక జనానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని ఆదేశం ఉంది. పండుగ చంద్రుడికి అడిగే ప్రశ్ననే మిగతా పదకొండు నెలలూ అడగమని పిల్లలకు చెబితే చాలు.

బిడ్డ బడి నుంచి వచ్చి, మాస్టారికి నేనంటే పడదు అని ఏడుస్తుంది. వెంటనే మాస్టారిని తిట్టవద్దు, బిడ్డనూ తిట్టవద్దు. ఏం జరిగిందమ్మా అని అడగండి. ఈ రోజు రెండుసార్లు నిలబెట్టారు అంటుంది. ఇది జరిగిన సంగతి. పడదు అన్నది దాని మీద బిడ్డ కట్టుకున్న అభిప్రాయం. ఇంకెవరినైనా నిలబెట్టారా అని అడగండి. జవాబు బిడ్డే చెప్పుకుంటుంది. ఒక్కోసారి ఆ అభిప్రాయం సరైనదే అని తేలవచ్చు. అప్పుడు మాస్టారితో మాట్లాడడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

దాదీమాలు, నానీమాలు కథలు చెప్పేటప్పుడు కూడా ఇది నేను చూసింది, ఇది మా అమ్మ చెప్పగా విన్నది అని ఒక్క ముక్క చేర్చితే కథ రుచి పోదు. పిల్లలకు మాత్రం మాట ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం అలవాటవుతుంది. రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు ఫోనులో వచ్చిన ఒక్క ముక్క తీసుకుని, ఇందులో తేల్చగలిగినది ఏది, అభిప్రాయం ఏది, చెప్పినవాడికి దీనివల్ల ఏం లాభం అని పిల్లలనే అడగండి. పదిహేను నిమిషాల పని. తేలనిదాన్ని ముందుకు పంపకుండా ఆపడం కూడా వాళ్ళ చేతే చేయించండి.

చివరి రోజులు

మహ్మూద్ తరువాత వచ్చిన సుల్తాను మస్ఊద్‌కు బీరూనీ గారు ఖానూనుల్ మస్ఊదీని అంకితమిచ్చారు. దానికి బహుమతిగా ఏనుగు మోయగలిగినంత వెండి పంపితే, తనకు అక్కర్లేదని తిప్పి పంపారని యాకూత్ రాశాడు. చివరి క్షణాల గురించి కూడా అదే చరిత్రలో ఒక ఉదంతం ఉంది. మంచం మీద ఊపిరి అందని స్థితిలో ఉన్నప్పుడు ఒక న్యాయ పండితుడు పలకరించ వచ్చాడు. బీరూనీ గారు ఆయన్ని వారసత్వ చట్టంలో ఒక చిక్కు ప్రశ్న అడిగారు. ఈ స్థితిలో ఇదెందుకు అని ఆయన జాలిపడితే, తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అని జవాబిచ్చారు. పండితుడు వివరించి, సెలవు తీసుకుని వీధిలోకి వచ్చేసరికి ఇంట్లో ఏడుపులు వినిపించాయి.

ఆయన 1048లో పోయారని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అయితే మందుల గురించి రాసిన చివరి గ్రంథంలో తన వయసు ఎనభై దాటిందని ఆయనే చెప్పుకున్నారు. ఆయన పుట్టింది హిజ్రీ 362లో. చాంద్రమాన సంవత్సరాల్లో లెక్కవేసినా ఎనభై నిండేది హిజ్రీ 442లో, అంటే 1051లో. అందువల్ల 1050 తరువాతే పోయి ఉండాలని పరిశోధకులు లెక్క సరిచేశారు. పదిమంది రాసిందైనా సరే, ఒకసారి మూలం తిరగేసి చూడాలని చెప్పడానికి ఇదీ ఒక ఉదాహరణ. మీ ఇంట్లో తొమ్మిది, పది చదివే పిల్లలుంటే ఈ లెక్క వాళ్ళకిచ్చి చేయించండి.

చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, అనుకున్నది అనుకున్నట్టు చెప్పగలిగే నాలుకను, ఇష్టమైన మాటను కూడా విచారించే మనసును అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక. ఆమీన్.